ఫిట్స్ మాత్రలు గ్యాప్ లేకుండా, భద్రంగా వాడుకోవడం ఎలా? తిరుపతి, చిత్తూరు కుటుంబాల కోసం సమగ్ర మార్గదర్శి

"ఆరు నెలలుగా ఒక్కసారి కూడా రాలేదు స్వామీ, ఇంకా మింగాల్సిందేనా?" తిరుపతిలో మా మందుల షాపు కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న వినని వారం ఉండదు. అడిగేది ఒక్కోసారి పేషెంటే, ఎక్కువగా మాత్రం వాళ్ల అమ్మో, అన్నో. మింగాల్సిందే అని చెబితే ముఖం చిన్నబోతుంది. ఎందుకు మింగాలో కూడా చెబితే చాలామంది వింటారు. అందుకే ముందు ఎందుకో చెప్పి, తర్వాత ఎలా అన్న దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఏ మందు, ఎంత డోసు అన్నది డాక్టరు నిర్ణయం. ఆ నిర్ణయం ఇంట్లో సరిగ్గా అమలు కావడం గురించే ఇక్కడ రాస్తున్నది.

మెదడులోని కణాలు అదుపు తప్పి ఒక్కసారిగా విద్యుత్ సంకేతాలు వదిలితే ఫిట్స్ వస్తుంది. ఫిట్స్ మాత్ర ఆ గుణాన్ని వేరుతో పెరికేయదు. రక్తంలో తగినంత మోతాదులో ఉన్నంతసేపు దాన్ని అణచి ఉంచుతుంది, అంతే. మేడ మీద నీళ్ల ట్యాంకు ఉందనుకోండి. కింద కుళాయి ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. రోజుకు రెండు పూటలా మోటారు వేస్తేనే నీళ్లు ఒక మట్టంలో నిలుస్తాయి. ఒక పూట మోటారు వేయకపోతే మట్టం దిగుతుంది. మాత్ర విషయమూ ఇంతే. ఆరు నెలలు ఫిట్స్ రాలేదంటే జబ్బు పోయిందని కాదు, మందు పనిచేస్తోందని. సరైన మందు సరిగ్గా వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదుపులో ఉన్న మనిషికి మళ్లీ ఫిట్స్ వచ్చిందంటే మొదట అడగాల్సింది "మాత్ర ఎప్పుడు మానేశారు?" అనే.

మొదటి అడుగు: డాక్టరు గదిలో ఉండగానే తేల్చుకోవాల్సినవి

రుయాలో చూపించుకున్నా, స్విమ్స్ న్యూరాలజీ ఓపీలో చూపించుకున్నా, చిత్తూరు నుంచి వేలూరు వెళ్లి చూపించుకున్నా జనం ఎక్కువ కాబట్టి డాక్టరు దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలకు ముందే సిద్ధమై వెళ్లండి.

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఫోన్‌లో తీసిన వీడియో. ఫిట్స్ వచ్చినప్పుడు పేషెంటుకు ఏమీ గుర్తుండదు, చూసినవాళ్లు కంగారులో సగం మర్చిపోతారు. మనిషిని సురక్షితంగా పడుకోబెట్టాక ఇంకొకరు అర నిమిషం వీడియో తీసినా చాలు. ఒక పక్క చెయ్యి మాత్రమే కొట్టుకుందా, ఒళ్లంతా బిగిసిందా, లేక కాసేపు శూన్యంలోకి చూస్తూ పెదవులు చప్పరించారా అన్నది డాక్టరుకు తెలుస్తుంది.

ఫిట్స్ రకం తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, అన్ని మందులూ అన్ని రకాలకూ పనికిరావు. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి, చేతిలోని గ్లాసో బ్రష్షో జారిపడటం కొందరు పిల్లల్లో, యువకుల్లో కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని నిద్రమత్తు అనుకుంటారు, డాక్టరుకు చెప్పరు. అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. ఆ రకానికి కార్బమజెపిన్, ఫెనిటాయిన్ లాంటి మందులు మేలు చేయకపోగా ఉలికిపాట్లను పెంచవచ్చు. కాబట్టి అలాంటివేమైనా ఉంటే అడగకపోయినా చెప్పండి.

స్కాన్‌లో "మెదడులో పురుగు ఉంది" అన్నారని భయపడుతూ వచ్చేవాళ్లు మన ప్రాంతంలో తక్కువేం కాదు. అది బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే చిన్న గడ్డ. మాంసం ముట్టని ఇళ్లలో కూడా వస్తుంది, ఎందుకంటే ఆ పురుగు గుడ్లు కడగని ఆకుకూరల ద్వారా, శుభ్రం లేని చేతుల ద్వారా కడుపులోకి వెళతాయి. "మేము శాకాహారులం, మాకెలా వస్తుంది" అని డాక్టరుతో వాదించి లాభం లేదు. ఒకటే గడ్డ ఉండి, అది కరిగిపోతే ఫిట్స్ మందు మిగతావాళ్ల కంటే ముందే ఆపే అవకాశం ఉంటుంది. మీ ఫిట్స్‌కు కారణం ఏమిటన్నారో చీటీ మీదే రాయించుకోండి.

ఇక చీటీలో చూసుకోవాల్సినవి. మందు అసలు పేరు, పవర్, ఏ పూట ఎన్ని, ఎన్ని రోజుల తర్వాత డోసు పెంచాలి. కంపెనీ పేర్లు పదుల్లో ఉంటాయి. ఎప్టాయిన్ అన్నా లోపల ఉన్నది ఫెనిటాయిన్, లెవిపిల్ అన్నా లోపల ఉన్నది లెవెటిరాసెటామ్, టెగ్రిటాల్ అంటే కార్బమజెపిన్. అసలు పేరు తెలిస్తే ఏ ఊళ్లో అయినా మందు దొరుకుతుంది. పేరు చివర సీఆర్, ఎస్‌ఆర్, ఈఆర్, క్రోనో లాంటి తోక ఉందేమో తప్పకుండా చూడండి. అవి మెల్లమెల్లగా కరిగే మాత్రలు. వాటి బదులు అదే పవర్‌లో మామూలు మాత్ర ఇస్తే తీసుకోకండి, డాక్టరును అడగండి. వాటిని నూరకూడదు, నమలకూడదు. మింగలేకపోతే సిరప్ రాయమని అడగడమే దారి.

రెండో అడుగు: మొదటి రెండు నెలలు కళ్లు తెరుచుకుని ఉండాలి

చాలా ఫిట్స్ మందులను తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఈ పెంచే కాలంలో మత్తుగా ఉండటం, తల తిరగడం మామూలే. చాలామందికి వారం పది రోజుల్లో తగ్గుతుంది. పొద్దస్తమానం నిద్రపోతున్నాడని అమ్మమ్మలు కంగారుపడి ఒక పూట మాత్ర ఆపేయడం ఇక్కడే జరుగుతుంది. ఆపకండి, డాక్టరుకు ఫోన్ చేయండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు. కార్బమజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, ఫినోబార్బిటోన్ మందులతో కొందరికి మొదటి వారాల్లో దద్దుర్లు వస్తాయి. చాలాసార్లు మామూలువే, కానీ కొన్నిసార్లు అవే చర్మం ఊడిపోయే ప్రమాదకరమైన ప్రతిచర్యకు ఆరంభం. దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం మీద బొబ్బలు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, అర్ధరాత్రి అయినా సరే. అమ్మవారు పోసిందని వేపాకులు కట్టి ఇంట్లో పడుకోబెట్టవద్దు. కొత్తగా ఫిట్స్ మందు మొదలైన ఇంట్లో దద్దుర్లు వస్తే మొదటి అనుమానం మందు మీదే పడాలి.

లామోట్రిజిన్ డోసు పెంచే లెక్క డాక్టరు చెప్పినదానికంటే ఒక్క మెట్టు కూడా తొందరపడకూడదు. తొందరపడితే దద్దుర్ల ముప్పు పెరుగుతుంది. ఇదే మందు ఐదు రోజులకు పైగా ఆగిపోతే పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, డాక్టరును అడిగి కింది నుంచి రావాలి.

మూడో అడుగు: టైము

రోజుకు రెండుసార్లు అంటే టిఫిన్ తర్వాత ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి అనుకుంటారు. మన ఇళ్లలో టిఫిన్ ఎనిమిదికైతే, భోజనం ఒక రోజు ఎనిమిదికి, ఇంకో రోజు సీరియల్ అయ్యాక పదిన్నరకు. భోజనాన్ని కాకుండా గడియారాన్ని పట్టుకోండి. పొద్దున 8, రాత్రి 8 అని పెట్టుకుంటే మధ్యలో పన్నెండు గంటలు సమంగా వస్తాయి. ఫోన్‌లో అలారం పెట్టండి. అలారం ఆపేసి మర్చిపోయే మనిషైతే, మాత్ర వేసుకున్నాక క్యాలెండర్‌లో ఆ తేదీ మీద గీత కొట్టమనండి. వేసుకున్నామా లేదా అన్న అనుమానంతో రెండోసారి వేసుకోవడం, లేదా వేసుకున్నామనుకుని మానేయడం రెండూ దీంతో తప్పుతాయి.

ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి మాత్ర టైము దాదాపు దగ్గరపడితే మర్చిపోయినదాన్ని వదిలేసి, తర్వాతిది మామూలుగా వేసుకోండి. రెండూ కలిపి ఒకేసారి మాత్రం వద్దు. మీ మందుకు ఎన్ని గంటల వరకు ఆలస్యం ఫర్వాలేదో ముందే అడిగి చీటీ వెనక రాసి పెట్టుకుంటే ఆ రోజు టెన్షన్ ఉండదు. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతి అయి, అందులో మాత్ర కనిపిస్తే మళ్లీ వేయాలా వద్దా అన్నదీ ముందే అడగాల్సిన ప్రశ్నే. రోజంతా వాంతులవుతుంటే నోటితో మందు నిలవదు. అప్పుడు ఆసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్ రూపంలో ఇప్పించాలి.

చిన్నపిల్లల సిరప్ విషయంలో రెండు పొరపాట్లు పదేపదే జరుగుతుంటాయి. ఒకటి, వంటింటి చెంచాతో కొలవడం. ఏ ఇంటి చెంచా ఆ ఇంటిదే. సీసాతో వచ్చిన మూత కొలతో, సూది లేని సిరంజో వాడండి. రెండోది, సీసా ఊపకపోవడం. ఫెనిటాయిన్ సిరప్‌లో మందు అడుగుకు చేరుతుంది. ఊపకుండా పోస్తే సీసా మొదట్లో నీళ్లలాంటి మందు, చివర్లో చిక్కటి మందు బిడ్డ కడుపులోకి వెళతాయి. నెల మొదట్లో ఫిట్స్ వచ్చి, నెలాఖరుకు బిడ్డ తూలుతూ నడిచిందంటే సీసాను అనుమానించాలి.

నాలుగో అడుగు: ఇంట్లో మందు అయిపోకూడదు

చివరి అట్టలో పది మాత్రలు మిగిలినప్పుడే షాపుకు వెళ్లండి. చివరి మాత్ర మింగి, రేపు తెచ్చుకుందాం అనుకున్న ఆదివారమే షాపు మూసి ఉంటుంది, లేదా మీ పవర్ స్టాకు ఉండదు. ప్రభుత్వ ఆసుపత్రి ఫార్మసీలో ఇచ్చేవాళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. అక్కడ ఆ నెల మీ మందు రాకపోతే బయట కొనుక్కోవడానికి నాలుగు రోజుల వ్యవధి చేతిలో ఉండాలి.

ఖర్చు గురించి దాపరికం ఎందుకు. ఏళ్ల తరబడి వాడే మందు కాబట్టి నెలనెలా భారమే. జన ఔషధి కేంద్రాల్లో ఫిట్స్‌కు వాడే ముఖ్యమైన మందులు చాలావరకు తక్కువ ధరకు దొరుకుతాయి. జెనెరిక్ వాడటం తప్పు కాదు. నెలకో కంపెనీ మార్చడమే ఇబ్బంది. ముఖ్యంగా ఫెనిటాయిన్, కార్బమజెపిన్ లాంటి వాటిలో కంపెనీ మారితే రక్తంలో మందు మట్టం కొద్దిగా అటూ ఇటూ కావచ్చు, కొందరికి ఆ కొద్దే ఎక్కువ. ఏదో ఒకటి ఎంచుకుని డాక్టరుకు చెప్పి, దాని మీదే ఉండండి. షాపులో "ఇదీ అదే స్వామీ, కంపెనీ వేరే" అంటే పాత అట్ట చూపించి అదే తెప్పించమనండి. తెప్పిస్తాం, ఒక రోజు పడుతుంది, అందుకే పది మాత్రలు ఉండగా రమ్మనేది.

మన మే నెల ఎండల్లో మందును బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డులో, కిటికీ గూట్లో పెట్టకండి. బాత్రూమ్ తేమ కూడా పడదు. సోడియం వాల్ప్రోయేట్ మాత్రలు గాల్లోని తేమను పీల్చుకుంటాయి కాబట్టి వాటిని అట్టలోంచి ముందే తీసి డబ్బాల్లో సర్దవద్దు, మింగే ముందే తీయండి. వారానికి సరిపడా గళ్ల డబ్బాలో సర్దుకునే అలవాటు ఉన్నవాళ్లు ఈ మాత్ర మేరకు అట్టను కత్తిరించి, ముక్కలుగా గళ్లలో పెట్టుకోవచ్చు.

ఐదో అడుగు: కొండ, ఒక్కపొద్దు, జాతర, నైట్ షిఫ్టు

మన ఊళ్లలో మాత్ర తప్పే సందర్భాలు పెద్ద పెద్ద ఆసుపత్రుల కరపత్రాల్లో రాసి ఉండవు. అందుకే కాస్త వివరంగా.

తిరుమల కొండెక్కడానికి ఫిట్స్ ఉన్నవాళ్లకు నిషేధమేం లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు. నడక వల్ల వచ్చే ముప్పు కంటే నిద్ర లేకపోవడం, నీళ్లు తాగకపోవడం, మాత్ర తప్పడం వల్ల వచ్చే ముప్పే పెద్దది. తెల్లవారుజామున రెండింటికి లేచి బయలుదేరే ప్లాను వేసుకోకండి. ముందు రాత్రి నిండుగా నిద్రపోయి, పొద్దున మాత్ర వేసుకుని మెల్లగా ఎక్కండి. పక్కన ఒక మనిషి తప్పకుండా ఉండాలి. అలిపిరిలో లగేజీ ఇచ్చేస్తారు కదా, ఆ బ్యాగులో మాత్రలు పెట్టకండి. పైన సంచి చేతికొచ్చేసరికి టైము దాటిపోతుంది. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. క్యూలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి అలారమూ ఉండదు. కనీసం రెండు పూటల మాత్రలు అట్టతో సహా, చీటీ జిరాక్సుతో సహా జేబులోనో నడుముకు కట్టుకునే సంచిలోనో ఉండాలి. తోడున్నవాళ్లకు టైము చెప్పి ఉంచండి. కొండ మీద ఏదైనా ఇబ్బంది అయితే అశ్విని ఆసుపత్రి ఉంది.

పుష్కరిణిలోగానీ, కపిలతీర్థంలోగానీ ఒంటరిగా మునక వేయవద్దు. చెయ్యి పట్టుకునే మనిషి ఉండాలి, నీళ్లు మోకాళ్ల లోతు దాటకూడదు. పొలంలో బావి, చెరువు సంగతి చెప్పనక్కర్లేదు.

పెరటాసి శనివారాలు, ఏకాదశి, సంకటహర చవితి. ఒక్కపొద్దు ఉంటే ఉండండి, కానీ మాత్రను ఉపవాసంలోకి లాగవద్దు. మాత్రకు నీళ్లు తాగితే ఒక్కపొద్దు చెడదని మీ ఇంటి పెద్దలతోనే చెప్పించండి. మా మాట కంటే వాళ్ల మాటకు బలం ఎక్కువ. ఖాళీ కడుపున కొన్ని మాత్రలు వికారం తెప్పిస్తాయి కాబట్టి పాలో పండో తీసుకోవడం మేలు. నీళ్లు కూడా తాగని కఠిన ఉపవాసాలు మాత్రం మీకు వద్దు. అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు తెల్లవారుజాము స్నానం కోసం నిద్ర తగ్గించుకుంటారు. మాల వేసుకోవాలనుకుంటే రాత్రి భజన త్వరగా ముగించుకుని ఏడు గంటల నిద్ర కుదిరేలా చూసుకోండి, కుదరదంటే గురుస్వామికి విషయం చెప్పండి. గంగమ్మ జాతర రోజుల్లో వేషం కట్టి రాత్రంతా తిరగడమూ ఇదే లెక్కలోకి వస్తుంది.

శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుల మీద పనిచేసే కుర్రాళ్లకు ఇది వారం వారం ఎదురయ్యే సమస్య. షిఫ్టు మారినప్పుడు మాత్ర టైము మార్చకండి. 8కి 8 అని పెట్టుకుంటే బస్సులో ఉన్నా, క్యాంటీన్‌లో ఉన్నా అదే టైముకు వేసుకోండి. వీలైతే డాక్టరు సర్టిఫికెట్ పెట్టి పగటి షిఫ్టు అడగండి, ఎందుకంటే మాత్ర సక్రమంగా వేసుకున్నా నిద్ర లేకపోవడమే కొందరికి ఫిట్స్ తెప్పిస్తుంది. మద్యం తాగడం కూడా అంతే. తాగిన రాత్రి కంటే మత్తు దిగే మర్నాటి ఉదయం ప్రమాదం ఎక్కువ. తాగాను కదా అని ఆ పూట మాత్ర మానేస్తే ప్రమాదం రెట్టింపే.

బండి గురించి కూడా ఇక్కడే. డ్రైవింగ్ లైసెన్సుకు ఇచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా అని సూటిగా అడుగుతారు. దాచవద్దు. ఎప్పుడు నడపవచ్చో డాక్టరుతో మాట్లాడే దాకా, ఘాట్ రోడ్డు సంగతి అటుంచి, బైపాస్ మీద కూడా బండి తీయకండి.

ఆరో అడుగు: వేరే మందు ఏది కొన్నా "నాకు ఫిట్స్ మందు నడుస్తోంది" అని చెప్పాలి

జలుబుకో, నొప్పికో, విరేచనాలకో ఆర్‌ఎంపీ దగ్గర మందు తీసుకున్నా ఈ ఒక్క వాక్యం చెప్పండి. ఎందుకో చూడండి. టీబీకి వాడే రిఫాంపిసిన్ చాలా ఫిట్స్ మందులను శరీరం త్వరగా కరిగించేసేలా చేస్తుంది. అదే కోర్సులోని ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్, కార్బమజెపిన్‌లను ఒంట్లో పేరుకునేలా చేస్తుంది. టీబీ కోర్సు మొదలైనా, ముగిసినా ఫిట్స్ డాక్టరుకు తెలియాలి. కార్బమజెపిన్ వాడేవాళ్లకు క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ ఇస్తే మందు మట్టం పెరిగి ఒకటి రెండుగా కనిపిస్తుంది, తూలుతారు. వాల్ప్రోయేట్ వాడేవాళ్లకు ఆసుపత్రిలో మెరోపెనెమ్ ఇంజెక్షన్ ఎక్కిస్తే వాల్ప్రోయేట్ మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. వార్డులో చేరినప్పుడు మందుల చీటీ చూపించమనేది అందుకే. ఒళ్లు నొప్పులకు ఇచ్చే ట్రమడాల్, యాంటీబయాటిక్స్‌లో సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఫిట్స్‌నే ప్రేరేపించవచ్చు. గ్యాస్‌కు తాగే తెల్లటి సిరప్‌ను ఫెనిటాయిన్‌తో కలిపి తాగకండి, రెండు మూడు గంటల ఎడం ఉంచండి.

పసరు మందు గురించి వాదన పెట్టుకోను. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకోండి, కాణిపాకంలో మొక్కు చెల్లించుకోండి, ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే "మా మందు మొదలుపెడితే ఇంగ్లిష్ మందు ఆపేయాలి" అని ఎవరు చెప్పినా ఆ మనిషి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. పేరు, కూర్పు రాయని పొట్లాల్లో ఏముందో ఎవరికీ తెలియదు, సీసం లాంటి లోహాలు ఉండే ప్రమాదమూ ఉంది.

ఏడో అడుగు: మందు వల్ల వచ్చే ఇబ్బందులను పట్టుకోవడం

ఫెనిటాయిన్ పాత మందు, చవక, బాగా పనిచేస్తుంది, కానీ దాని లెక్క విచిత్రం. ఒక హద్దు దాటాక డోసు కొంచెం పెంచినా రక్తంలో మట్టం ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే ఇంట్లో సొంతంగా "ఒకటి ఎక్కువ వేద్దాం" అనకూడని మందుల్లో ఇది మొదటిది. మట్టం ఎక్కువైతే తూలి నడవడం, మాట ముద్దగా రావడం, కళ్లు అటూ ఇటూ అదరడం కనిపిస్తాయి. చూసేవాళ్లు తాగొచ్చాడనుకుంటారు. రక్తపరీక్షలో సాధారణంగా మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి. ఆ పరీక్షకు రక్తం పొద్దుటి మాత్ర వేసుకోక ముందు ఇవ్వడం మేలు, మాత్ర మాత్రం వెంట తీసుకెళ్లి రక్తం ఇవ్వగానే వేసుకోండి. ఈ మందుతో చిగుళ్లు వాస్తాయి. రెండు పూటలా పళ్లు తోముకుని, ఆరు నెలలకోసారి పళ్ల డాక్టరుకు చూపిస్తే చాలావరకు అదుపులో ఉంటాయి.

లెవెటిరాసెటామ్‌తో కొందరికి కోపం, చిరాకు, దిగులు వస్తాయి. పెళ్లాం పిల్లల మీద విరుచుకుపడుతున్నాడని ఇంట్లో గొడవలవుతాయి, అది మందు పని అని ఎవరికీ తట్టదు. డాక్టరుకు చెప్పండి, మార్గాలున్నాయి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తే ఆ రోజే చెప్పాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు ఈ మందు డోసు తగ్గిస్తారు. వాల్ప్రోయేట్‌తో బరువు పెరగడం, జుట్టు ఊడటం, చేతులు వణకడం ఉంటాయి. కామెర్లు, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి వస్తే మాత్రం కాలేయానికో క్లోమానికో దెబ్బ కావచ్చు, వెంటనే వెళ్లాలి. కార్బమజెపిన్ వల్ల ముసలివాళ్లలో రక్తంలో సోడియం తగ్గి మతి తప్పినట్టు మాట్లాడతారు. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ ఏళ్ల తరబడి వాడితే ఎముకలు బలహీనపడతాయి. విటమిన్ డి సంగతి అడగండి.

ఎనిమిదో అడుగు: ఆడపిల్ల ఉన్న ఇల్లు

ఈ భాగాన్ని తల్లులు చదివి, కూతుళ్లతో కూడా చదివించాలని నా కోరిక. వాల్ప్రోయేట్ వాడుతూ గర్భం దాలిస్తే నూటికి పది మంది పిల్లల్లో పుట్టుక లోపాలు, నూటికి 30 నుంచి 40 మందిలో ఎదుగుదల, నేర్చుకోవడంలో ఇబ్బందులు ఉండవచ్చు. అందుకే వేరే మందుతో అదుపయ్యే అవకాశం ఉన్నప్పుడు ఆడపిల్లలకు, పిల్లల్ని కనే వయసు స్త్రీలకు డాక్టర్లు దాన్ని రాయరు. మీ అమ్మాయి అదే మందు మీద ఉంటే భయపడి ఆపవద్దు. పెళ్లి మాటలు మొదలవక ముందే న్యూరాలజిస్టును కలిసి మార్చగలరేమో అడగండి. మార్చడానికి నెలలు పడుతుంది, కాబట్టి పత్రికలు అచ్చయ్యాక వెళితే ఆలస్యమే.

ఫోలిక్ యాసిడ్ గర్భం రాక ముందే మొదలుపెట్టాలి, సాధారణంగా రోజుకు 5 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు. నెల తప్పిందని తెలియగానే బిడ్డకు ఏమవుతుందోనని ఫిట్స్ మాత్ర ఆపేసేవాళ్లున్నారు. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ తల్లికీ బిడ్డకూ ప్రమాదం. గర్భంలో లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్ మట్టాలు తగ్గుతాయి కాబట్టి డోసు పెంచాల్సి రావచ్చు. కాన్పయ్యాక బిడ్డకు పాలివ్వడం చాలావరకు ఇబ్బంది కాదు. కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ వాడుతుంటే గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయవు. కాపర్ టీకి ఆ సమస్య లేదు.

పెళ్లికి ముందు దాచాలా చెప్పాలా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దాచిన ఇంట్లో మాత్ర తప్పుతుంది. అత్తగారింట్లో అట్ట ఎక్కడ పెట్టాలో తెలియక, ఎవరూ చూడకుండా మింగాలని చూసి, ఒక పూట కాకపోతే ఒక పూట మానేస్తుంది పిల్ల. కొత్త చోట నిద్ర కూడా తక్కువే. ఫిట్స్ వచ్చేది అప్పుడే. మూర్ఛ ఉండటాన్ని పెళ్లికి అడ్డంకిగా చూపే నిబంధనను హిందూ వివాహ చట్టం నుంచి, ప్రత్యేక వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. చెప్పి చేసిన పెళ్లిలో అత్తగారే అలారం అవుతుంది.

ఇంత చేసినా ఫిట్స్ వస్తే

1. టైము చూడండి. ఎప్పుడు మొదలైందో తెలియడం అన్నిటికంటే ముఖ్యం.
2. చుట్టూ ఉన్న రాళ్లు, బల్లలు, పొయ్యి దూరం చేయండి. తల కింద మెత్తటిది పెట్టి, మెడ దగ్గర బొత్తాలు వదులు చేయండి.
3. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చొంగ బయటికి పోవాలి.
4. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకండి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టకండి. నీళ్లు, మాత్ర పోయకండి.
5. ఐదు నిమిషాలు దాటినా, ఆగి తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా 108కి ఫోన్ చేయండి. మొదటిసారి ఫిట్స్ అయినా, గర్భిణి అయినా, నీళ్లలో వచ్చినా, దెబ్బ తగిలినా ఐదు నిమిషాలు ఆగనక్కర్లేదు.

తాళంచెవులు చేతిలో పెట్టినా, ఉల్లిపాయ వాసన చూపించినా ఆగినట్టు అనిపించడానికి కారణం, చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. తాళంచెవులు వెతికే ఆ నిమిషంలో మనిషిని పక్కకు తిప్పండి. ఎక్కువసేపు సాగే ఫిట్స్ ఉన్నవాళ్లకు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే డాక్టరు రాస్తారు. అది ఇంట్లో ఉంటే ఎన్ని నిమిషాలకు, ఎన్నిసార్లు కొట్టాలో డాక్టరు చేత రాయించి, సీసాకు రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచండి. తేదీ దాటిందేమో అప్పుడప్పుడూ చూడండి.

ఫిట్స్ ఆగాక గంట సేపు మత్తుగా ఉండొచ్చు. ఆ పూట మాత్ర వేసుకోలేదని తెలిస్తే పూర్తిగా తెలివి వచ్చి, మింగగలరని రూఢి అయ్యాకే ఇవ్వండి.

మందు ఆపడం, మార్చడం

రెండేళ్లకు తక్కువ కాకుండా ఫిట్స్ లేకుండా గడిచాక ఆపే మాట ఎత్తవచ్చు. అందరికీ కుదరదు. ఫిట్స్ రకం, స్కాన్, ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసే పరీక్ష) చూసి డాక్టరు తేలుస్తారు. పొద్దున ఉలిక్కిపడే రకం ఉన్నవాళ్లలో చాలామందికి మందు చాలా ఏళ్లు అవసరమవుతుంది. ఆపినా ఒక్కరోజులో ఆపరు, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, ఫినోబార్బిటోన్, క్లోబజామ్‌ల విషయంలో మరీ. తగ్గించే నెలల్లో బండి నడపడం, నిచ్చెనలెక్కడం, ఒంటరిగా మామిడి తోపుల్లో మోటారు దగ్గర పడుకోవడం మానుకోండి.

సరైన రెండు మందులు సరైన డోసులో, గ్యాప్ లేకుండా వాడినా ఫిట్స్ వస్తూనే ఉంటే మూడో మందు కోసం ఏళ్లు ఎదురుచూడకండి. ఆపరేషన్‌తో మేలు జరిగే అవకాశం ఉందేమో పరీక్షించే కేంద్రానికి పంపమని అడగండి. తిరువనంతపురంలో శ్రీచిత్ర, బెంగళూరులో నిమ్హాన్స్ అలాంటి పని చేస్తున్నాయి. వెళ్లేటప్పుడు పాత చీటీలు, స్కాన్ ఫిల్ములు, ఫిట్స్ తేదీలు రాసిన క్యాలెండర్, ఫోన్‌లోని వీడియో అన్నీ తీసుకెళ్లండి. ఆ క్యాలెండర్‌లో మాత్ర తప్పిన రోజులు కూడా నిజంగా గుర్తుపెట్టి ఉండాలి. అవి దాస్తే మందు పనిచేయలేదనుకుని డాక్టరు అనవసరంగా డోసు పెంచుతారు.

మందు మార్చాక మిగిలిన పాత మాత్రలను ఫిట్స్ ఉన్న మరొకరికి ఇవ్వకండి, ఎంత ఖరీదైనవైనా సరే. పిల్లలకు అందకుండా పెట్టి, తర్వాతిసారి షాపుకు వచ్చినప్పుడు తెచ్చి చూపించండి, ఏం చేయాలో చెబుతాం.